రాడార్ తెర మీద మా మొగులు

మా కోరుట్ల దిక్కు వానకాలం వానకు ఎవరూ భయపడరు. భయమంతా ఎండకాలం వానకే. యాసంగి వరి కోసి వడ్లు కల్లంలో ఆరబోసి ఉంటాయి. జగిత్యాల తోటల్లో మామిడికాయ ముదురుతుంటుంది. మధ్యాహ్నం మూడింటిదాకా నిప్పులు చెరిగిన ఎండ నాలుగింటికల్లా నల్లబడుతుంది. ముందు గాలిదుమారం, దాని వెనకే రాళ్లవాన. ముప్పావుగంటలో అంతా అయిపోతుంది. సిరిసిల్లలో అయితే సాంచాల, అంటే మరమగ్గాల, షెడ్ల రేకులు లేచిపోతాయి, కరెంటు పోతుంది, వాటిని నడిపే ఆసాములు తడిసిన నూలు బీములు చూసుకుంటూ కూర్చుంటారు. ఆ ముప్పావుగంట సంగతి ముందే తెలుసుకోవాలని మావాళ్లు తరతరాలుగా చూస్తూనే ఉన్నారు. నేను జగిత్యాల తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరి, తర్వాత మండలాఫీసుల్లో పనిచేసి రిటైరైన మనిషిని. వాన కొలవడం నా కొలువులో ఒక భాగం. కాబట్టి ఈ చరిత్రను కచేరీ ఆవరణలో నిలబడి చెప్పడమే నాకు చేతనవుతుంది.

మొదట కార్తెలు. నక్షత్రాలు ఇరవైయేడు, కార్తెలూ ఇరవైయేడు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. మృగశిరను మేము మిర్గం అంటాం. జూన్ మొదటివారం దాటి మిర్గం జొచ్చిందంటే నాగళ్లు బయటికి తీసేవాళ్లు. ఉగాదినాడు ధర్మపురి నర్సన్న గుడిలో పంచాంగం వినడానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలేవి. ఈ ఏడు ఎన్ని తూముల వాన, అందులో సముద్రం మీద ఎంత, కొండల మీద ఎంత, మన నేల మీద ఎంత అని సిద్ధాంతిగారు చదువుతుంటే ఆఖరి లెక్క కోసమే అందరూ చెవులు రిక్కించేవాళ్లు. ఇలా పాత్ర లెక్కన వాన చెప్పడం కొత్త సంగతి కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఏ దేశానికి ఎన్ని ద్రోణాల వాన అన్న లెక్క ఉంది. అందులో అశ్మక దేశం పేరు కూడా ఉంది. అశ్మకమంటే గోదావరి ఒడ్డున బోధన్ రాజధానిగా ఉండేదని చరిత్రకారులు చెప్పే జనపదం, అంటే మా పొరుగే. మా దిక్కు వాన ఆ కాలానికే పుస్తకానికి ఎక్కిందన్నమాట.

అయితే కార్తె కాలాన్ని చెబుతుంది, సాయంత్రం సంగతి చెప్పదు. సాయంత్రం కోసం వేరే గుర్తులుండేవి. చీమలు గుడ్లు మోసుకుని గోడ ఎక్కడం, తూనీగలు నేలబారుగా తిరగడం, చంద్రుడి చుట్టూ గుడి కట్టడం. వాన రాకపోతే పిల్లలు కప్పతల్లిని మోసేవాళ్లు. ఆడవాళ్లు వరదపాశం పోసేవాళ్లు, బండ మీద పోసిన పాశాన్ని నాలుకతో నాకేవాళ్లు. ఇవన్నీ వానను ఊహించే, వానను పిలిచే పద్ధతులే. వచ్చే వానను ఒక గంట ముందు పట్టుకునే పద్ధతి వీటిలో ఒక్కటీ లేదు.

తర్వాత వచ్చింది వర్షమాపకం. నిజాం కాలంలో మాది ఎల్గందల్ జిల్లా, 1905లో కరీంనగర్ జిల్లా అయింది. జగిత్యాల, సిరిసిల్ల అప్పటికే తాలూకాలు. తాలూకా కచేరీల్లో వాన లెక్క రాసే ఆనవాయితీ ఆ కాలంనాటిదే. నేను చేరిననాటికి బీరువా అడుగున ఉర్దూ రిజిస్టర్లు ఉండేవి. వాటిలో వాన అంగుళాల్లో, సెంట్లలో. సెంటు అంటే అంగుళంలో నూరో వంతు. చివర ‘కైఫియత్’ గడి. ఎక్కడన్నా రాళ్లు పడితే, పిడుగు పడితే ఆ గడిలో ఒక ముక్క రాసేవాళ్లు. నాకు అంకెలకన్నా ఆ గడి మీదే మోజు. ఉర్దూ వచ్చిన పెద్ద గుమాస్తాను బతిమాలి చదివించుకునేవాణ్ణి.

వాన కొలిచే పని చూడడానికి తేలికే. గోడలకు, చెట్లకు దూరంగా గద్దె మీద గరాటు, దాని కింద సీసా. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు సీసాలో నీళ్లు గాజు కొలపాత్రలోకి వంచాలి. పాత్రలో నీటి అంచు గోడవారకు కొంచెం పైకి ఎగబాకి ఉంటుంది. ఆ అంచును చూసి రాస్తే అర మిల్లీమీటరు ఎక్కువే పడుతుంది. కన్ను నీటి మట్టానికి దించి నడుమ ఎక్కడ లోతుగా ఉందో అక్కడి గీత చదవాలి. గరాటులో వేపాకు పడిందా, కాకి ముక్కు పెట్టిందా చూసుకోవాలి. ఇరవైనాలుగు గంటల్లో 2.5 మిల్లీమీటర్లన్నా పడితేనే దాన్ని వాన పడ్డ రోజుగా లెక్క. ఆదివారం వానను సోమవారం అంచనాగా రాసిన కచేరీలు లేకపోలేదు. వాటి పేర్లు ఇప్పుడెందుకు! 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాక వర్షమాపకాలు పెరిగాయి, లెక్క దగ్గరైంది. కాని ఎన్ని పెరిగినా వర్షమాపకం చెప్పేది నిన్నటి సంగతే. తడిసిన వడ్లకు అది పంచనామా రాస్తుంది తప్ప కాపలా కాయదు.

రేపటి సంగతి చెప్పాల్సింది వాతావరణ శాఖ. ఆ శాఖ పుట్టుకే సముద్రం దెబ్బతో. 1864 అక్టోబరులో కలకత్తాను తుఫాను ముంచింది. మరుసటి నెల ఒకటో తేదీన మచిలీపట్నాన్ని ఉప్పెన ముంచి ముప్పైవేల మంది దాకా ప్రాణాలు తీసింది. తర్వాత కరువులు. వీటన్నిటి తర్వాత 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. తెలుగువాళ్లలో అంతకన్నా ముందే ఆకాశం మీద సొంత డబ్బు పెట్టినవాడు ఒకాయన ఉన్నాడు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో తన తోటలోనే వేధశాల కట్టుకున్నాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దాన్ని నడిపించి, నక్షత్రాలతోపాటు గాలీ వానా లెక్కలు కూడా రాశాడు. ఇవాళ ఫోన్లో రాడార్ చూసే కుర్రవాళ్లకు తాతలెవరని అడిగితే నేను వీళ్ల పేర్లే చెబుతాను. ఎవరూ జీతమిచ్చి పెట్టింది కాదు, వాళ్లకు వాళ్లే పెట్టుకున్న పని. హైదరాబాద్‌లో నవాబ్ జాఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండ దగ్గర మొదలుపెట్టిన వేధశాలే నిజామియా అయి బేగంపేటకు చేరింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు షంషాబాద్ వర్షమాపకంలో 24 గంటలకు 12.8 అంగుళాలు తేలింది. లెక్క పక్కాగానే ఉంది. ఊరే కొట్టుకుపోయింది.

రాడార్ సంగతి రెండో ప్రపంచ యుద్ధంతో మొదలు. శత్రువిమానాల కోసం పెట్టిన తెర మీద వాన మచ్చలు కనబడి ఆపరేటర్లను విసిగించేవి. యుద్ధం అయ్యాక ఆ విసుగే ఒక శాస్త్రమైంది. మన దేశంలో 1954లో కలకత్తా డమ్‌డమ్ విమానాశ్రయంలో ఉరుములమబ్బుల కోసం ఒక రాడార్ పెట్టారు. తుఫానుల కోసమని దేశంలోనే మొదటి రాడార్ 1970లో మన విశాఖపట్నంలో వచ్చింది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన పదివేల మందిని మింగిన తర్వాతి ఏళ్లలో మచిలీపట్నానికీ ఒకటి వచ్చింది. గాలి వేగాన్ని కూడా చెప్పే డాప్లర్ రాడార్లు 2002లో చెన్నైతో మొదలై, 2004లో మచిలీపట్నానికి, ఆ తర్వాత విశాఖకు చేరాయి. వరస చూస్తే తెలుస్తుంది, అన్నీ తీరం వెంటే, అన్నిటి చూపూ బంగాళాఖాతం మీదే. దాన్ని నేను తప్పు పట్టను. చావులు అక్కడున్నాయి, కన్ను అక్కడే ఉండాలి. కాని మా రాళ్లవాన సముద్రంలో పుట్టదు. నాందేడ్ దగ్గరో, నిర్మల్ గుట్టల మీదో మధ్యాహ్నం మొలిచి, సాయంత్రానికి మా మీద పడి, చీకటయ్యేసరికి చచ్చిపోతుంది. అలాంటిదానికి మూడురోజుల ముందు ఇచ్చే తుఫాను హెచ్చరికతో ఏం పని?

మాకు దక్కింది రేడియో. “ఒకటి రెండు చోట్ల ఉరుములు మెరుపులతో కూడిన వాన” అని రోజూ చెప్పేది. మా కచేరీలో అదొక నవ్వులాట, ఆ ఒకటి రెండు చోట్లలో మనది ఉందా లేదా అని. నిజానికి ఆ మాటకు లెక్క ఉంది. ఆ ప్రాంతంలోని కొలత కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడితే ఒకటి రెండు చోట్ల అన్నట్టు, నాలుగింట మూడు వంతులు దాటితే దాదాపు అన్నిచోట్లా అన్నట్టు. శాస్త్రం ప్రకారం సరైన మాటే. కల్లంలో వడ్లు పోసిన రైతుకు మాత్రం అది చెప్పినా చెప్పనట్టే.

రాళ్లవాన అంటే మా దిక్కు మజాకు కాదు. 1939 మార్చి 17న హైదరాబాద్ రాజ్యంలో మూడు కిలోల నాలుగొందల గ్రాముల వడగండు పడిందని పాత రికార్డుల్లో చెబుతారు. కొన్ని గడ్డలు అతుక్కుని ఉంటాయని నిపుణులు దాన్ని ఒప్పుకోలేదు. ప్రపంచ వాతావరణ సంస్థ ఒప్పుకున్నది 1986 ఏప్రిల్ 14న బంగ్లాదేశ్‌లోని గోపాల్‌గంజ్‌లో పడ్డ కిలో బరువు గడ్డనే. 2023 మార్చిలో, మళ్లీ ఏప్రిల్‌లో పడ్డ రాళ్లకు మా ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో గింజ గొలుసు మీద నిలవలేదు. మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి వచ్చి చూసి ఎకరానికి పదివేలని ప్రకటించారు. వడ్లు రాలిన పొలంలోకి దిగి చూస్తే పైన గడ్డి నిటారుగానే ఉంటుంది. కాలి కింద మాత్రం గింజ పరుచుకుని ఉంటుంది. దూరం నుంచి ఫొటో తీస్తే నష్టం కనబడనే కనబడదు.

హైదరాబాద్‌కు డాప్లర్ రాడార్ వచ్చాక, దాని బొమ్మలు అందరికీ ఫోన్లోకి వచ్చాక మా కథ మారింది. పది నిమిషాలకొక బొమ్మ. నాకు ఆ బొమ్మ చదవడం నేర్పింది మా చెల్లెలి కొడుకు. వాడు షార్జాలో ఏసీ మెకానిక్. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లల్లో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉండడం కొత్తేమీ కాదు. వాడు అక్కడ మధ్యాహ్నం అన్నం తింటూ హైదరాబాద్ రాడార్ తెరుస్తాడు. వెంటనే ఇంటికి ఫోను.

“అమ్మా, నిర్మల్ దిక్కుకెల్లి మొగులు వస్తంది. గంటల మనూరి మీద పడతది. వడ్ల మీద కవర్లు కప్పుండ్రి.”

“ఎండ మాడగొడ్తంది బిడ్డా. నువ్వు దుబాయ్‌ల కూసుండి ఏం జూస్తున్నవు?”

“జూస్తున్న గని చెప్తున్న. మామకు ఫోన్ ఇయ్యి. మామా, నువ్వన్న చెప్పు.”

గల్ఫ్‌లో ఏ ఎమిరేట్‌లో ఉన్నా మా చెల్లెలికి అది దుబాయే. నేను చెబితే కప్పింది. వాడు పంపిన బొమ్మను విడమరిచి చూస్తే ఇలా ఉంటుంది. నడిమి గుండ్రంలో పైనుంచి చూసినట్టు మొగులు పరుచుకుని ఉంటుంది. పైన, కుడి పక్కన రెండు పట్టీలుంటాయి. అవి మొగులు ఎత్తును చూపిస్తాయి. చాలామంది గుండ్రం చూసి ఊరుకుంటారు, అసలు కథ పట్టీల్లో ఉంటుంది. ఎర్రరంగు పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు స్తంభంలా లేచి ఉంటే రాళ్లకు సిద్ధపడాలి. వెడల్పుగా, పొట్టిగా పసుపు పచ్చగా ఉంటే మామూలు వాన. బలానికి డీబీజడ్ అని ఒక లెక్క. అది 50 దాటితే పెద్ద వాన, 60 దగ్గరికి వస్తే అది ఉత్త నీళ్లు కాకపోవచ్చు. ఇంకో బొమ్మ గాలిది. రాడార్ వైపు వచ్చే గాలి ఒక రంగు, దూరంగా పోయే గాలి ఇంకో రంగు. ఆ రెండు రంగులు చిన్న చోట పక్కపక్కనే అంటుకుని కనబడితే అక్కడ మొగులు లోపల గాలి తిరుగుతున్నట్టు.

ఆ జంట రంగులను పట్టుకున్నది అమెరికావాళ్లు. 1953 ఏప్రిల్ 9న ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక రాడార్ తెర మీద మొగులు తోక కొక్కెంలా వంగడం, దాని కింద టోర్నడో ఉండడం మొదటిసారి నమోదైంది. 1973 మే 24న ఓక్లహోమాలోని యూనియన్ సిటీ టోర్నడోలో ఆ తిరుగుడు నేలకు దిగకముందే మొగులు లోపల డాప్లర్‌కు చిక్కింది. దాని మీద నమ్మకంతోనే ఆ దేశం నూట అరవై దాకా రాడార్లు పెట్టుకుంది. 2019 అక్టోబరు 20 రాత్రి ఉత్తర డాలస్ మీదుగా టోర్నడో పోయినప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఉండే మన తెలుగువాళ్ల ఫోన్లు ముందే మోగాయి.

ఇక్కడ ఫోను మోగించింది ఎక్కువగా ఔత్సాహికులే. ‘తెలంగాణ వెదర్‌మ్యాన్’ పేరుతో రాసే టి. బాలాజీ లాంటివాళ్లు రాడార్ బొమ్మ పెట్టి, ఏ మండలం తర్వాత ఏ మండలమో వరసగా చెప్పడం మొదలుపెట్టాక జనం “ఒకటి రెండు చోట్ల” మాటను మర్చిపోయారు. ఆంధ్రాలో అదే పని చేస్తున్న సాయి ప్రణీత్ గురించి ప్రధాని 2021 జులైలో ‘మన్ కీ బాత్’లో చెప్పారు. వీళ్ల వెనుక సర్కారు కష్టం కూడా ఉంది. తెలంగాణలో మండలానికి ఒకటో రెండో చొప్పున వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి, లెక్క గంటగంటకూ బయటికి వస్తుంది. జగిత్యాల పక్కనున్న పొలాస వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి మంగళ, శుక్రవారాల్లో రైతులకు బులెటిన్ వస్తుంది. జగిత్యాల సన్నాలను పుట్టించిన పొలాసే ఇది. లెక్క సర్కారుది, నోరు కుర్రవాళ్లది. ఈ పొత్తు నాకు నచ్చింది.

2022 జులై 13 రాత్రి కడెం ప్రాజెక్టు గేట్లు మోయగలిగినదానికన్నా ఎక్కువ వరద వస్తుంటే, గోదావరికి ఇవతల మేమందరం నిద్రమాని రాడార్ చూశాం. డ్యాం నిలిచింది.

ఇంతవరకు బాగానే ఉంది. కాని రాడార్ బొమ్మకు ఒక లోపం ఉంది, అది బొమ్మలో కనబడదు. రాడార్ కిరణం తిన్నగా పోతుంది, భూమి గుండ్రంగా ఉంది. హైదరాబాద్ రాడార్ ఉన్న బేగంపేట నుంచి అర డిగ్రీ పైకెత్తి వదిలిన కిరణం సిరిసిల్ల చేరేసరికి, అంటే గాలిదారిన 110 కిలోమీటర్లకు, నేలకు ఒకటిన్నర కిలోమీటర్ల పైన ఉంటుంది. కోరుట్ల, జగిత్యాల 155 కిలోమీటర్లు. అక్కడికి వచ్చేసరికి అది దగ్గర దగ్గర మూడు కిలోమీటర్ల ఎత్తున పోతుంది. నాగ్‌పూర్ రాడార్ మాకు 250 కిలోమీటర్ల పైనే, దాని చూపు ఇంకా ఎత్తు. అంటే మా మొగులు తల కనబడుతుంది, కాళ్లు కనబడవు. రేకులు లేపే గాలి, మామిడి రాల్చే గాలి, సుడి తిరిగే గాలి అన్నీ ఆ కాళ్ల దగ్గరే ఉంటాయి.

దీనికి సాక్ష్యం ములుగు అడవి. 2024 ఆగస్టు 31 సాయంత్రం తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో కొద్దిసేపట్లో యాభైవేలకు పైగా చెట్లు పడిపోయాయని అటవీశాఖ లెక్క వేసింది. అదే రాత్రి బంగాళాఖాతంలోని వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు పొంగాయి. అడవిలో పడిన చెట్లను రెండు మూడు రోజుల తర్వాత గానీ ఎవరూ పట్టించుకోలేదు. వేళ్లతో సహా లేచినవి కొన్ని, నడుముకు విరిగినవి కొన్ని. టోర్నడో అని కొందరు, మొగులు నుంచి ఒక్కసారిగా కిందికి కూలిన గాలి అని కొందరు. చెట్లు ఒకేవైపు పడితే కూలిన గాలి, ఒకదానికొకటి ఎదురుగా పడితే సుడి అని పుస్తకాలు చెబుతాయి. తేల్చడానికి ఉపగ్రహం ఫొటోలు తెప్పించాల్సి వచ్చింది. తాడ్వాయి బేగంపేటకు 210 కిలోమీటర్లు, అక్కడ మన రాడార్ కిరణం నేలకు నాలుగు కిలోమీటర్ల పైన ఉంటుంది. చెట్ల మీద ఏం జరిగిందో దానికి ఎలా తెలుస్తుంది?

దీనికి మందు ఉంది. ఎక్స్‌బ్యాండ్ అని చిన్న రాడార్లున్నాయి. చూపు వంద కిలోమీటర్లే, పెద్ద వానలో ఇంకాస్త తగ్గుతుంది కూడా. కాని దగ్గరిది, నేలకు తక్కువ ఎత్తులోది బాగా చూస్తుంది. హిమాచల్‌లోని కుఫ్రీలో, ఉత్తరాఖండ్‌లోని ముక్తేశ్వర్‌లో 2021 జనవరిలో ఇలాంటివి మొదలుపెట్టారు. అలాంటిదొకటి పొలాసలో పెడితే కడెం, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి, సిరిసిల్ల, కరీంనగర్ అన్నీ ఆ వందలోపే వస్తాయి. తాడ్వాయి దానికి అందదు, ములుగు దిక్కు ఇంకొకటి కావాలి. డబ్బు లేదనే మాట ఇప్పుడు చెల్లదు. 2024 సెప్టెంబరులో కేంద్రం ‘మిషన్ మౌసమ్’కు రెండువేల కోట్లు ఒప్పుకుంది, రాడార్లు పెంచడం అందులో పెద్ద పని.

మా నాయకులు రైలుకు, రోడ్డుకు, కాలేజీకి వినతిపత్రాలు ఇస్తారు. రాడార్‌కు ఇచ్చినట్టు నేను వినలేదు, అడిగే ఓటరు లేడు కాబట్టి. కోరుట్ల, జగిత్యాల నిజామాబాద్ లోక్‌సభ కింద, సిరిసిల్ల కరీంనగర్ కింద వస్తాయి. వచ్చే యాసంగి కోతలకు ముందు మీ ఊరి రైతు సంఘం నుంచి, సాంచాల ఆసాముల సంఘం నుంచి ఈ ఇద్దరు ఎంపీలకూ తలా ఒక ఉత్తరం రాయండి. పొలాసకు రాడార్ కావాలని ఒక్క ముక్క రాస్తే చాలు.